పదిహేను కిలోల మెత్తటి సంచి

ఇదొక మహాప్రయాణం కథ. ఇందులో మొసళ్ళు ఈదే నదులున్నాయి. ఆ నదుల మీదుగా ఎగిరే ఒంటి ఇంజను విమానం ఉంది, అడవి మధ్యలో ఎర్రమట్టి రన్‌వే ఉంది. మృత్యువు ఎదురుపడి పేరు పెట్టి పిలిచినా తొణకని ఒక తెలుగు కుర్రాడున్నాడు. చదివేవాళ్ళు గుండె చిక్కబట్టుకోవాలి.

అని మొదలుపెడదామనుకున్నాను. కానీ పైనుంచి చూస్తే మొసళ్ళు కనబడవు, నదులు కాఫీ ఒలికిన మరకల్లా ఉంటాయి. మృత్యువు ఆ రోజు సెలవు పెట్టినట్టుంది, ఎక్కడా కనిపించలేదు. కుర్రాడు మాత్రం బాగానే తొణికాడు. చివరికి మిగిలింది ఒక సంచి. ఈ కథంతా ఆ సంచి సర్దడం గురించే. ఆ సంచి కూడా నాది కాదు, మా చెల్లి నెట్‌బాల్ ఆటకు తీసుకెళ్ళేది.

కమర్షియల్ పైలట్ లైసెన్స్ చేతికొచ్చి అప్పటికి దాదాపు రెండేళ్ళు. లైసెన్స్ ఉన్నవాడికి ఎవరూ ఉద్యోగం ఇవ్వరు, ఎగిరిన గంటలు ఎక్కువున్నవాడికి ఇస్తారు. ఆ గంటలు ఉద్యోగం చేస్తేనే వస్తాయి. ఈ రంగులరాట్నం తిరుగుతూ ఉంటుంది, ఎక్కడ ఎక్కాలో ఎవరూ చెప్పరు. మాలాంటివాళ్ళు ఎక్కగలిగే చోటు ఒక్కటే: ఉత్తరాన డార్విన్ వైపు, రోడ్లు సరిగా లేని ఊళ్ళకు చిన్న విమానాలు తిప్పే కంపెనీలు. వాటన్నిటికీ మెయిళ్ళు పెట్టాను. రెండిటి నుంచి జవాబొచ్చింది. మీ మెయిలు అందింది అని ఒకరు, మీరు పంపిన ఫైలు తెరుచుకోవట్లేదు అని ఒకరు.

క్లేటన్ అనే ఊళ్ళో అయిదుగురం కలిసి ఉన్న అద్దె ఇల్లు అప్పటికే వదిలేసి సిడ్నీలో, కెల్లీవిల్‌లో ఉన్న మా పిన్ని ఇంటికి చేరాను. పగలు ఒక గిడ్డంగిలో అట్టపెట్టెలకు టేపు వేసేవాణ్ణి. సాయంత్రం వచ్చి పిన్ని వండింది తిని, మెయిలు చూసుకుని పడుకునేవాణ్ణి. ఆశపడటం కూడా ఓవర్‌టైమ్ లాంటిదే. మొదట్లో ఉత్సాహంగా ఉంటుంది, తర్వాత నడుము నొప్పి మొదలవుతుంది. నా పరిస్థితి చూడలేక బాబాయ్ తన స్నేహితుడితో మాట్లాడి దగ్గర్లోనే ఉన్న పారమాటాలో ఒక ఐటీ ఉద్యోగం ఖాయం చేశాడు. పాస్‌వర్డ్ మర్చిపోయినవాళ్ళకు కొత్త పాస్‌వర్డ్ ఇచ్చే పని. మంచి ఉద్యోగమే. ఏసీ ఉంటుంది. వచ్చే సోమవారం చేరాలి, లేకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారు.

అంతకు ముందు మంగళవారం మధ్యాహ్నం ఫోన్ మోగింది. నేను మెయిలు పెట్టిన కంపెనీల్లో ఒకదాని చీఫ్ పైలట్. ఆవిడ గొంతు వింటే వారం రోజులుగా నిద్రలేనట్టుంది. ఆవిడ మాట్లాడింది ఇంగ్లీషులోనే, ఇక్కడ రాస్తున్నది నా తెలుగు.

"శుక్రవారం పొద్దున డార్విన్‌లో ఉండగలవా?"

"ఉండగలను."

"నాతో ఒక ట్రిప్పు వస్తావు. తీరం మీద ఒక ఊరుంది, మా రెండో బేస్ అక్కడే. నువ్వు పనికొస్తే అక్కడే దిగిపోతావు. పనికిరాకపోతే అదే విమానంలో నాతో వెనక్కి వచ్చేస్తావు. నీ బరువెంత?"

చెప్పాను.

"సామాను పదిహేను కిలోలు. మెత్తటి సంచి, వెనక సీటు సందులో కుక్కేట్టుండాలి. చక్రాలున్నదేదీ తేవద్దు. అర్థమైందా?"

"అర్థమైంది."

"అందరూ అలాగే అంటారు," అని ఫోన్ పెట్టేసింది.

అంటే శుక్రవారం సాయంత్రానికి నేను పైలట్‌నో, పాస్‌వర్డ్‌లు ఇచ్చేవాణ్ణో తేలిపోతుంది. ఇంత పెద్ద విషయాన్ని ఇంట్లో ఎలా చెప్పాలా అని ఆలోచిస్తూ వెళ్ళాను. చెప్పాను. పిన్ని పొయ్యి కట్టేసి వచ్చింది.

"పదిహేను కిలోలంటే?"

"పదిహేను కిలోలే పిన్నీ."

"అంటే ఇరవై దాకా చూసీచూడనట్టు పోతార్లే."

మా పిన్ని పళ్ళ డాక్టరు. ఒక మిల్లీమీటరు తేడా వస్తే ఒప్పుకోదు. కానీ విమానం సామాను దగ్గరికొచ్చేసరికి మనవాళ్ళందరి లెక్కే ఆవిడ లెక్క. వాళ్ళు చెప్పే బరువు కూరగాయల బండివాడు మొదట చెప్పే ధర లాంటిది. అక్కణ్ణుంచి బేరం మొదలవుతుందన్నమాట. హైదరాబాద్‌లో మావాళ్ళు విమానం ఎక్కే ప్రతిసారీ కౌంటర్ దగ్గర మా కుటుంబం తరఫున "మేడమ్, ఒక్క కిలోనే కదా" అనే పని చిన్నప్పటినుంచీ నాదే. అమాయకంగా కనబడతానని నాకప్పగించారు.

గ్యారేజీలో దూలానికి కొక్కెం త్రాసు వేలాడదీశాడు బాబాయ్. ఆయన సివిల్ ఇంజనీరు, వంతెనలు కడతాడు. వంతెన మీద ఎంత బరువు వెళ్ళచ్చో బోర్డు రాయించేది ఆయనే. నేను నా సామాను చాప మీద పరిచాను: మూడు చొక్కాలు, రెండు ప్యాంట్లు, బూట్లు, అంచులున్న టోపీ, దోమతెర, టార్చి, పాము కరిస్తే కట్టే కట్టు, నీళ్ళ సీసా, రేడియోలో మాట్లాడటానికి హెడ్‌సెట్. చూడటానికే అలసటగా ఉంది. ఒక మనిషికి ఇంతే కావాలా అనిపించింది. పిన్నికి అలా అనిపించలేదు.

"తిండేదిరా?"

"అక్కడ దుకాణం ఉందంట."

"దుకాణంలో గోంగూర ఉంటుందా?"

గోంగూర పచ్చడి సీసా వచ్చింది, దానికి గిడ్డంగిలో నేను వేసేదానికన్నా గట్టిగా టేపు వేసి ఉంది. నెయ్యి వచ్చింది. కందిపొడి, కారప్పొడి, మాగాయ. ఆ తర్వాత చిన్న కుక్కరు, దాంట్లోకి ఇడ్లీ రేకులు.

"ఇడ్లీ రేకులెందుకు పిన్నీ? పిండెవరు రుబ్బుతారు?"

"రవ్వ పెడతాగా. నువ్వొక్కడివే తినకు. పక్కనోళ్ళకి కూడా పెట్టు. పెడితే గదా మనుషులు దగ్గరయ్యేది."

గుమ్మంలో నిలబడి ఇదంతా చూస్తోంది మా చెల్లి. పిన్ని కూతురు, ఇక్కడే పుట్టింది. తెలుగు మొత్తం అర్థమవుతుంది, ఒక్క ముక్క బయటికి రాదు. "అన్నయ్యా, యు ఆర్ గోయింగ్ ఫర్ ఎ ట్రయల్. దిస్ ఈజ్ మైగ్రేషన్," అంది.

"నీ బ్యాగ్ ఇస్తావా?"

"ఇట్ స్మెల్స్."

"పచ్చళ్ళ తర్వాత ఇంకా బాగుంటుంది."

అప్పుడు బాబాయ్ లోపల్నుంచి ఫైలు తెచ్చాడు. ప్రతి తెలుగింట్లో ఉంటుంది, అలాంటి ఫైలు. నీలం అట్ట, లోపల ప్లాస్టిక్ కవర్లు, ప్రతి కవర్లో ఒక ఒరిజినల్. పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, బీటెక్ ప్రొవిజినల్, కన్సాలిడేటెడ్, టీసీ, ప్రతిదానికీ అటెస్ట్ చేయించిన కాపీలు.

"బాబాయ్, పైలట్ లైసెన్స్ ఉంటే చాలు."

"ఒరిజినల్స్ లేకుండా గుమ్మం దాటకూడదురా. రేపు వాళ్ళు టెన్త్ మెమో అడిగితే?"

"విమానం నడపడానికి టెన్త్ మెమోనా?"

"అడగరని గ్యారంటీ ఏంటి?"

గ్యారంటీ ఏమీ లేదు. ఇంకో సంగతి, ఆ ఫైలు పట్టుకుంటే పారమాటా ఉద్యోగం చేతిలో ఉన్నట్టే అనిపిస్తుంది. ఆయన ఆ మాట పైకి అనలేదు. ఫైలు సంచిలోకి వెళ్ళింది.

త్రాసు ముల్లు పదిహేను దగ్గర ఆగకుండా హాయిగా ముందుకెళ్ళింది. తీయాల్సినవేమిటో చూద్దామని నేను, పెట్టాల్సిన చోటేమిటో చూద్దామని పిన్ని, సంచికి చెరోవైపు కూర్చున్నాం. పరిష్కారం బాబాయ్ దగ్గర దొరికింది. ఎప్పుడో మంచుకొండలకు వెళ్ళడానికి కొని ఒక్కసారి వేసుకున్న జాకెట్ ఒకటి ఉంది, లోపలా బయటా అన్నీ జేబులే.

"ఒంటిమీదున్నది లగేజీ కాదురా," అన్నాడు.

వంతెనకు బోర్డు రాయించే మనిషి. కుక్కరు విజిల్, నెయ్యి, మాగాయ, ఫైలు అన్నీ జేబుల్లోకి సర్దాడు. ఇడ్లీ రేకులు వీపు వైపు లోపలి జేబులోకి సరిగ్గా సరిపోయాయి. నిటారుగా నిలబడ్డాను, వంగడం కుదరదు కాబట్టి. సంచిని మళ్ళీ త్రాసుకు తగిలిస్తే ముల్లు పద్నాలుగు దాటి బుద్ధిగా ఆగింది.

"చూశావా, ఇంకో కిలో ఉంది," అంది పిన్ని.

గురువారం హెలెన్స్‌బర్గ్ గుడికి వెళ్ళాం. వెళ్ళాలని నిర్ణయించింది ఎవరో వేరే చెప్పక్కర్లేదు. కెల్లీవిల్ నుంచి కారులో చాలా దూరం, వెనక సీట్లో నేను నిద్రపోయాను. లేచేసరికి కార్లు ఆపేచోట కొత్త బండ్లు వరసగా ఉన్నాయి, ఒక్కోదాని టైర్ల కింద నిమ్మకాయలు. పిన్ని పూజారిగారి దగ్గరికి వెళ్ళి, "వాహనపూజ చేయించాలండీ," అంది.

"ఏం బండమ్మా?"

"విమానం అండీ."

పూజారిగారు ఆ చుట్టుపక్కల ఒకసారి చూశారు. "ఎక్కడ పెట్టారు?"

"డార్విన్‌లో ఉందండీ. ఇది తెచ్చాం." సంచిలోంచి నా హెడ్‌సెట్ తీసింది.

ఆయన చాలా చూసి ఉంటారు. మొహంలో ఏ మార్పూ లేదు. హెడ్‌సెట్‌ను పళ్ళెంలో పెట్టి, రెండు చెవుల మెత్తల మీదా పసుపు రాసి, కుంకుమ దండిగా అద్ది, తలపట్టీకి దారం కట్టారు. మైకు మీదున్న స్పాంజి ముక్కకు కూడా ఒక బొట్టు. పొద్దుటినుంచీ ఆయన నిలబడే ఉన్నారు, అలసట గొంతులో తెలుస్తోంది, అయినా ఒక్క మంత్రం తగ్గించలేదు. చివర్లో నిమ్మకాయలు చేతిలోకి తీసుకుని, "చక్రాలు?" అన్నారు.

"చక్రాలున్నది వద్దన్నారండీ," అన్నాను.

పిన్ని నా వైపు చూసిన చూపు పళ్ళు పీకేటప్పటి చూపు. నిమ్మకాయలు నేల మీద పెట్టారు. నేనే తొక్కాను, ఒకటి ఎడమ కాలితో, ఒకటి కుడి కాలితో.

శుక్రవారం తెల్లారకముందే సిడ్నీలో విమానం ఎక్కాను. సెక్యూరిటీ దగ్గర జాకెట్ ట్రేలో పెడితే, తెర మీద బొమ్మ చూస్తున్న ఆయన ఇంకొకాయన్ని పిలిచాడు. ఇద్దరూ కలిసి ఇడ్లీ రేకుల్ని చాలాసేపు చూశారు. వంటసామాను అని చెప్పాను. నమ్మి కాదుగానీ, వెనక క్యూ పెరుగుతోందని పంపేశారు. దారంతా నిద్రపోదామనుకున్నాను. వీపున ఇడ్లీ రేకులు పెట్టుకుని నిద్రపోవడం ఎవరైనా ప్రయత్నించారేమో తెలియదు, నావల్ల కాలేదు.

డార్విన్‌లో దిగగానే ఆవిరి. కుక్కరు మూత తీసి మొహం లోపల పెట్టినట్టుంది. వానాకాలం అయిపోయిందని అంటారు కానీ గాలికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. మంచుకొండల జాకెట్ వేసుకుని, చిన్న విమానాలు నిలిపే హాంగర్ దాకా నడిచాను. అక్కడికి చేరేసరికి రెండేళ్ళ అలసటా ఆ నడకలోనే వచ్చి కలిసినట్టయింది.

చీఫ్ పైలట్ పొట్టి మనిషి, ఎండకు కమిలిన మొహం, చేతిలో టీ కప్పు. పక్కనే ప్లాస్టిక్ కుర్చీలో ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. మేం వెళ్ళబోయే ఊరావిడే, డార్విన్ ఆసుపత్రిలో చూపించుకుని ఇంటికి వెళ్తోంది. ఆవిడ పక్కన కొత్త టైరు ఒకటి, ఇంకో కుర్చీలో కూర్చోబెట్టినట్టు గోడకు ఆనించి ఉంది.

"చలిగా ఉందా?" అంది చీఫ్ పైలట్ నా జాకెట్ చూసి.

"కొంచెం."

నా గడ్డం మీంచి చెమట చుక్క నేల మీద పడింది. ముగ్గురం దాన్ని చూశాం.

"త్రాసెక్కు."

సంచి తీసి త్రాసు మీద పెట్టబోయాను. సరుకులు తూచే పెద్ద బల్లత్రాసు అది.

"సంచి కాదు. నువ్వు. సంచి పట్టుకుని, ఇప్పుడెలా ఉన్నావో అలాగే."

ఎక్కాను. అంకెలు తిరిగి తిరిగి ఆగాయి. పెద్దావిడ కుర్చీలోంచి ముందుకు వంగి చూసి, "అంత ఉన్నాడా? కనబడడే!" అంది.

"ఒంటిమీదున్నది లగేజీ కాదు కదండీ," అన్నాను. తెలుగులో ఎంతో బలంగా వినిపించిన మాట, ఇంగ్లీషులో చెప్పేసరికి నాకే నీరసంగా వినిపించింది.

"విమానానికి ఆ తేడా తెలియదు," అంది చీఫ్ పైలట్. "నువ్వు ఫోన్లో చెప్పిన అంకెలతో లోడు లెక్కేశాను. ఎనిమిది కిలోలు ఎక్కువున్నావు. మందుల పెట్టెలు దింపను. పోస్టు దింపను. పెట్రోలు దింపితే దారిలో దిగాలి. ఆవిణ్ణి దింపను. ఇంకేముంది?"

ముగ్గురం టైరు వైపు చూశాం.

"నా టైరా?" అంది పెద్దావిడ. "నా కారు మూడు కాళ్ళ మీదుంది. మనవలు దాంట్లో ఇల్లు కట్టుకుని ఆడుకుంటున్నారు. ఇంకొన్నాళ్ళయితే కారు వాళ్ళదే అంటారు."

అప్పుడు నా నోట్లోంచి ఒక మాట వచ్చింది. నేను తలచుకుని అన్నది కాదు. చిన్నప్పటినుంచీ అలవాటైన నోరు దానంతటదే అంది.

"ఎనిమిది కిలోలే కదా. ఎగరదా?"

చీఫ్ పైలట్ టీ కప్పు కింద పెట్టింది. కోపం లేదు. కోపానికి కూడా ఓపిక కావాలి, ఆవిడ దగ్గర అంత ఉన్నట్టు లేదు.

"ఎగురుతుంది," అంది. "ఇవాళ ఎగురుతుంది. రేపు నువ్వొక్కడివే ఉంటావు, వాన పడి మెత్తగా ఉన్న మట్టి రన్‌వే మీద. ఒకాయన సామాను మోసుకొస్తాడు. నీకు తెలిసినాయనే, నిన్న రాత్రి నీకు చేప ఇచ్చినాయన. ఎనిమిది కిలోలే కదా అంటాడు. ఆయన వెనక ఇంకొకాయన, ఆయనదీ ఎనిమిదే. ఏమంటావు?"

కౌంటర్‌కు ఇవతల నిలబడి బతిమాలడంలో నాకు పాతికేళ్ళ అనుభవం. అవతల నిలబడితే ఏం చెప్పాలో ఎవరూ నేర్పలేదు. ఉద్యోగమంటే విమానం నడపడం అనుకున్నాను. అసలు ఉద్యోగం అవతలి వైపు నిలబడటమేనన్నమాట. ఇది గొప్ప జ్ఞానోదయం అయ్యుండేది గానీ, ఆ సమయంలో జాకెట్లో నెయ్యి కరిగి కారుతోంది.

"దింపమంటాను," అన్నాను.

"అలుగుతాడు."

"అలగనీ."

"అయితే ఆ మాట ఎవరికి చెప్పాలి ఇప్పుడు?"

జాకెట్ జిప్పు తీశాను.

హాంగర్ నేల మీద గోనెపట్టా పరిచి ఒక్కోటీ బయటపెట్టాను. పెద్దావిడ కుర్చీ దగ్గరికి జరుపుకుంది. వీపు వెనకనుంచి ఇడ్లీ రేకులు తీసేసరికి "అదెక్కడ దాచావయ్యా!" అని నవ్వింది.

"ఏంటవి? గుడ్లు పెట్టుకోవడానికా?"

"ఇడ్లీలు వండుకోవడానికి. బియ్యప్పిండితో చేస్తాం, ఆవిరి మీద."

పెద్దావిడ ఒక రేకు తీసుకుని విసురుకుంది. "గాలి బాగానే వస్తుంది."

చీఫ్ పైలట్ ఫైలు చేతిలోకి తీసుకుని తెరిచింది. "ఇదేంటి?"

"పదో తరగతి మార్కులు."

"ఇవెందుకు తెచ్చావు?"

"మీరు అడుగుతారేమోనని."

ఆవిడ మెమోని కాసేపు చూసింది. "మాథమెటిక్స్. ఇందులో ఎంతొచ్చింది నీకు?"

"తొంభై ఎనిమిది."

మెమో వంక చూసింది, త్రాసు మీది అంకె వంక చూసింది, నా వంక చూసింది. ఫైలు తిరిగి ఇచ్చేసింది. ఇంటర్వ్యూ అంతా అదే అనుకుంటాను.

కుక్కరు ఖాళీ అట్టపెట్టెలోకి వెళ్ళింది. ఇడ్లీ రేకులు, రవ్వ, కారప్పొడి, మాగాయ, నెయ్యి, గోంగూర వెళ్ళాయి. జాకెట్ మేకుకు తగిలించాను. ఫైలు దగ్గర చెయ్యి ఆగింది. అది ఇక్కడ వదిలేస్తే సోమవారం పారమాటాకు పట్టుకెళ్ళడానికి నా దగ్గర ఏమీ ఉండదు. అప్పుడు నేను పైలట్‌ని, లేకపోతే ఎవర్నీ కాను. అలా చెయ్యి గాలిలో ఆగిపోయింది. పరిశీలించి చూస్తే ఫైలు క్లిప్పు నా చొక్కా చేతికి తగులుకుని ఉంది. విడదీసి పెట్టెలో వేశాను. ఇన్నాళ్ళ గిడ్డంగి ఉద్యోగం పనికొచ్చింది, పెట్టెకు టేపు మాత్రం అందంగా వేశాను.

మళ్ళీ త్రాసెక్కాను. ఇంకా ఒక చిటికెడు ఎక్కువుంది. బూట్లు విప్పి, ఒకదాని మీద ఒకటి వేసుకున్న చొక్కాల్లో పైది కూడా తీసేశాను. మిగిలిన తినే వస్తువు కందిపొడి పొట్లం ఒక్కటే.

"అదేంటి?"

"కందిపొడి. అన్నంలో కలుపుకుంటాం."

చీఫ్ పైలట్ పొట్లం విప్పి వాసన చూసింది. గట్టిగా తుమ్మింది. కళ్ళు తుడుచుకుని త్రాసు చూసి, "సరిపోయింది. అది ఉంచుకో," అంది. "బూట్లు తొడుక్కో. వాటిని కూడా లెక్కేశాను."

టైరు మొదట ఎక్కింది, దాని తర్వాత పెద్దావిడ, ఆ తర్వాత నా సంచి. మా చెల్లి ఆటల సంచి సగం ఖాళీగా, మెత్తగా, వెనక సందులోకి చక్కగా వెళ్ళిపోయింది.

కుడివైపు సీట్లో నన్ను కూర్చోబెట్టింది. పైకి లేచాక, "ఇక నువ్వు పట్టుకో," అని స్టీరింగ్ వదిలేసింది. పట్టుకున్నాను. కింద పచ్చగా, బురదగా, అంతులేకుండా నేల. ఏ ఆలోచనా రాలేదు. ఎన్నాళ్ళో ఎదురుచూసిన క్షణంలో మనసు ఉప్పొంగాలి. నాకు ఆవులింత వచ్చింది. మైకులో పసుపు వాసన.

కాసేపటికి వెనకనుంచి పెద్దావిడ చీఫ్ పైలట్ భుజం తట్టి, నా చెవి వైపు వేలు చూపించి అరిచింది. "మీ కుర్రాడికి నెత్తురు కారుతోంది!"

చీఫ్ పైలట్ తిరిగి చూసింది. నా చెవి కింది నుంచి మెడ మీదుగా కాలర్ దాకా ఎర్రటి ధార. ఆవిడ చెయ్యి వెంటనే స్టీరింగ్ మీదికి వచ్చింది. చెవిలోంచి నెత్తురు కారే పైలట్‌కు ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. ముందు వెనక్కి తిప్పి ఆసుపత్రికి తీసుకెళ్తారు.

"నొప్పుందా? నా మాట వినబడుతోందా?"

"వినబడుతోంది. నెత్తురు కాదండీ, కుంకుమ. గుడిలో హెడ్‌సెట్‌కు పూజ చేయించారు మావాళ్ళు. చెమటకు కరిగింది."

"హెడ్‌సెట్‌కా?"

"విమానం దొరకలేదు."

ఆవిడ వేలితో ఆ ఎరుపును తాకి, వెలుతురులో చూసి, తన ప్యాంటుకు తుడుచుకుంది.

"బరువుంటుందా అది?"

"ఉండదు."

"అయితే ఉండనీ," అని చెయ్యి తీసేసింది.

ఎర్రమట్టి రన్‌వే మీద నేనే దింపాను. విమానం నేలను ఒకసారి తాకి, ఆలోచించుకుని, మళ్ళీ తాకింది. ఇంజను ఆపాక పెద్దావిడ మెల్లగా దిగి, ఎవరి సాయం కోసం చూడకుండా తన టైరును తనే దొర్లించుకుంటూ వెళ్ళిపోయింది. ఒకసారి వెనక్కి తిరిగి, "ఆ చెవి కడుక్కో!" అని అరిచింది. పోస్టు, మందులు దింపాం. చీఫ్ పైలట్ విమానం చుట్టూ ఒకసారి తిరిగి చూసుకుని, నీళ్ళు తాగి, సీట్లో కూర్చుంది. నేను ఏ వైపు తలుపు దగ్గర నిలబడాలో తెలియక రెక్క కింద నీడలో నిలబడ్డాను.

"ఏంటి చూస్తున్నావు?" అంది. "నీ సంచి దింపుకో."

ఉద్యోగం వచ్చిందని నాకు అలా తెలిసింది.

నాకిచ్చిన గదిలో ఒక మంచం, ఒక ఫ్యాను, గోడ మీద నాకన్నా ముందే కాపురముంటున్న బల్లి. మంచం మీద కూలబడి ఇంటికి ఫోన్ చేశాను.

"ఏం తిన్నావురా?" అంది పిన్ని.

"కందిపొడి."

"అన్నం?"

"వండాలి."

"కుక్కరు ఉందిగా?"

"ఉంది పిన్నీ." ఉంది మరి, డార్విన్‌లో.

బాబాయ్ ఫోన్ తీసుకున్నాడు. "ఏరా, మరి పారమాటా ఆయనకి ఏం చెప్పమంటావు?"

"రానని చెప్పండి బాబాయ్."

ఆయన గొంతు సవరించుకుని, "టెన్త్ మెమో అడిగారా?" అన్నాడు.

అబద్ధం చెప్పాల్సిన అవసరం లేకపోయింది. "చూశారు బాబాయ్. లెక్కల మార్కులు కూడా అడిగారు."

"నే చెప్పలా!" ఫోన్ పక్కకు తిప్పి పిన్నికి కూడా చెప్పాడు. అంత సంతోషం ఆయన గొంతులో పారమాటా ఉద్యోగం ఖాయమైందని చెప్పినప్పుడు కూడా వినలేదు. వెనకనుంచి మా చెల్లి, "ఆస్క్ హిమ్ అబౌట్ మై బ్యాగ్," అంటోంది. సంచి భుజం పట్టీ మీద కుంకుమ అంటుకుందని చెప్పలేదు. బూట్లు విప్పకుండానే నిద్రపోయాను.

మర్నాడు పోస్టు సంచి ఇవ్వడానికి ఊరి దుకాణానికి వెళ్ళాను. లోపల మనిషెత్తు ఫ్రీజర్లు, మంచాలు, ఒక సోఫా, బియ్యం బస్తాల దొంతర. ఇవన్నీ ఏ విమానంలో వచ్చాయని దుకాణం ఆవిణ్ణి అడిగాను. ఆవిడ కిటికీలోంచి నీళ్ళ వైపు చూపించింది. అర్జెంటుగా కావాల్సిన టైర్లూ మందులూ పోస్టూ తప్ప మిగతా సామానంతా డార్విన్ నుంచి రెండు వారాలకోసారి వచ్చే బార్జ్‌లో, అంటే సరుకుల పడవలో, వస్తుంది. దానికి కిలోల లెక్క లేదు. చక్రాలున్న సూట్‌కేసులు కూడా తీసుకుంటారు.